రికార్డింగ్ గది కిటికీకి ఏ అద్దం వేయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఉన్న మీ ఫ్లాటులో ఒక 10×10 అడుగుల గదిని డబ్బింగుకూ వాయిస్ ఓవర్‌కూ రికార్డింగ్ గదిగా మారుస్తున్నారు. వీధి వైపు 4×4 అడుగుల పాత స్లైడింగ్ కిటికీ ఉంది. పక్క గదిని కంట్రోల్ రూము చేసుకుని, మధ్య గోడలో 4×3 అడుగుల అద్దం పెట్టాలనుకుంటున్నారు. గ్లాసు షాపువారు రెండు చోట్లా "సౌండ్ ప్రూఫ్ డీజీయూ" వేయించుకోమని చెప్పి 5-12-5 అని, అంటే రెండు 5 ఎంఎం అద్దాల మధ్య 12 ఎంఎం గాలి బంధించిన జోడీ అని, కొటేషన్ ఇచ్చారు. అది చాలునా, లేక ఇంకా మందమైన అద్దం కావాలా అన్నది మీ సందేహం. పంతొమ్మిదేళ్లుగా హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇటువంటి గదులు కట్టించే పనిలోనే ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ డీజీయూ మీ పనికి చాలదు. వీధి వైపు స్లైడింగ్ కిటికీ తీయించి, ఆ స్థానంలో రబ్బరు గాస్కెట్‌తో బిగిసి మూసుకునే తలుపు రకం యూపీవీసీ కిటికీని 6 ఎంఎం అద్దంతో పెట్టించండి. దాని వెనుక, గది లోపలి వైపు, కనీసం 100 ఎంఎం ఖాళీ వదిలి, వీలైతే 150 ఎంఎం వదిలి, 10.76 ఎంఎం లామినేటెడ్ (మధ్యలో పొర పెట్టి అతికించిన) అద్దాన్ని వేరే ఫ్రేములో కదలకుండా బిగించండి. బూత్‌కూ, అంటే రికార్డింగ్ గదికీ, కంట్రోల్ రూముకూ మధ్య అద్దానికి రెండు వేర్వేరు ఫ్రేములలో ఒక వైపు 12.76, మరో వైపు 8.76 ఎంఎం లామినేటెడ్ అద్దాలు పెట్టి, మధ్య ఖాళీని గోడలు ఇచ్చినంత ఎక్కువగా వదలండి. రెండు చోట్లా అద్దం అంచు చుట్టూ గాలి దూరే సందు లేకుండా చేయడం అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు తక్కువపడితే అద్దం మందం తగ్గించుకోండి గాని అంచుల దగ్గర మాత్రం తగ్గవద్దు.

ఇక కారణాలు. అద్దం ఎంచుకునే ముందు మీ కిటికీ ముందున్న శబ్దం ఏ రకానిదో తెలుసుకోవాలి. మీ వీధిలో రెండు రకాలున్నాయి. మొదటిది హారన్. ఆటో, బైకు, కారు హారన్ల మూలస్వరం 400, 500 హెర్ట్జ్ దగ్గర ఉన్నా, చెవిని గుచ్చే బలమంతా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. రెండోది లారీ ఇంజను, జనరేటరు, పెళ్లి ఊరేగింపు డీజే వంటి బరువైన శబ్దం. ఇది 50 నుంచి 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఒక శబ్దాన్ని ఆపే అద్దం రెండోదాన్ని ఆపుతుందని నమ్మకం లేదు. షాపులో ఈ తేడా ఎవరూ అడగరు. అందుకే అందరికీ ఒకే సరుకు అంటగడతారు.

అద్దం శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా తన బరువుతో. ఒక చదరపు మీటరు అద్దం ప్రతి ఎంఎం మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది కనుక 6 ఎంఎం అద్దం 15 కిలోలు, 12 ఎంఎం అద్దం 30 కిలోలు. బరువు రెట్టింపు అయినప్పుడు శబ్దం తగ్గుదల సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ పెరగాలి. పనిలో 4 లేదా 5 మాత్రమే కనబడుతుంది. అంటే 6 ఎంఎం నుంచి 12 ఎంఎంకి పోతే అద్దం ఖర్చు రెట్టింపుకు పైగా పెరిగి, చేతికి వచ్చేది 5 డెసిబెల్స్. కేవలం మందాన్ని నమ్ముకున్నవారు నిరాశపడేది ఈ లెక్క తెలియకనే.

మందంతో ఇంకో చిక్కు ఉంది. ప్రతి అద్దానికీ ఒక బలహీనమైన స్వరం ఉంటుంది. ఆ స్వరం దగ్గర గాలిలో వచ్చే శబ్దతరంగమూ, అద్దంలో పుట్టే వంపు తరంగమూ ఒకదానితో ఒకటి కలిసిపోయి, అద్దం శబ్దాన్ని ఆపడం మాని అవతలికి చేరవేస్తుంది. 12000ను అద్దం మందంతో, అంటే ఎంఎం అంకెతో, భాగిస్తే ఆ స్వరం సుమారుగా వస్తుంది. 4 ఎంఎం అద్దానికి 3000 హెర్ట్జ్, 6 ఎంఎం అద్దానికి 2000, 12 ఎంఎం అద్దానికి 1000. ఇప్పుడు హారన్ బలం ఎక్కడుందో మళ్లీ చూడండి. మన ఇళ్లలో మామూలుగా వాడే 4, 5, 6 ఎంఎం అద్దాలు సరిగ్గా హారన్ గట్టిగా ఉన్న చోటనే బలహీనంగా ఉంటాయి. కిటికీ మూసినా హారన్ మాత్రం దారం సూదిలో దూరినట్టు వచ్చి పడుతోందని చాలామంది అంటారు. వారి చెవి సరిగ్గానే చెబుతోంది. 12 ఎంఎం ప్లెయిన్ అద్దం వేస్తే ఆ బలహీనత 1000 హెర్ట్జ్‌కు దిగి, మనిషి మాట నడిబొడ్డున కూర్చుంటుంది. డబ్బింగ్ గదికి అదీ మంచిది కాదు.

లామినేటెడ్ అద్దం అవసరమయ్యేది ఇక్కడే. రెండు అద్దాల మధ్య పీవీబీ అనే సాగే పొర పెట్టి అతికిస్తారు. 10.76 అంటే రెండు 5 ఎంఎం అద్దాలు, మధ్య 0.76 ఎంఎం పొర. అద్దం వంగబోయినప్పుడు ఈ పొర లోలోపల రాపిడి పుట్టించి ఆ కదలికను మింగేస్తుంది. బలహీన స్వరం దగ్గర పడే గుంట పూడుతుంది. ఇందులోనే శబ్దం కోసం ప్రత్యేకంగా చేసిన మెత్తని అకౌస్టిక్ పీవీబీ కూడా దొరుకుతుంది. పెద్ద కంపెనీల డీలర్ల దగ్గర అడిగితే తెప్పిస్తారు, కాకపోతే కొన్ని రోజులు ఆగాలి. మామూలు పీవీబీకీ దీనికీ తేడా చెవికి తెలుస్తుంది గాని, బడ్జెట్ బిగుతుగా ఉంటే మామూలుదానితో సరిపెట్టుకుని ఆ మిగులును తలుపు మీద పెట్టమంటాను. ఇంకో మాట. టఫెన్డ్ అద్దానికి శబ్దం విషయంలో ఏ ప్రత్యేకతా లేదు. దాని బరువు, బిరుసుతనం మామూలు అద్దానివే. అది పగిలినప్పటి భద్రత కోసం చేసినది. శబ్దానికి టఫెన్డ్ బాగుంటుందని ఎవరైనా చెబితే ఆ మాటకు డబ్బు కట్టకండి.

ఇప్పుడు డీజీయూ సంగతి. రెండు అద్దాల మధ్య 12 ఎంఎం గాలి బంధించిన ఈ సరుకు మొదట వేడిని ఆపడానికి పుట్టింది. ఆ పని అది బాగా చేస్తుంది. శబ్దం దగ్గర మాత్రం ఆ పలుచని గాలి పొర స్ప్రింగులా పనిచేస్తుంది; రెండు అద్దాలూ దానికి రెండు చివర్ల కట్టిన బరువుల్లా ఒక స్వరం దగ్గర కలిసి ఊగుతాయి. ఆ స్వరం దగ్గర రెండు అద్దాలున్నా ఒక్క అద్దం కన్నా ఎక్కువ శబ్దం లోపలికి వస్తుంది. 5-12-5కు లెక్క కడితే ఆ స్వరం సుమారు 220 హెర్ట్జ్. అది ఆడవారి గొంతు మూలస్వరం ఉండే చోటు. దానికి కాస్త కిందనే వాహనాల ఇంజను రొద ఉంటుంది. రెండు అద్దాలూ ఒకే మందం కావడం వల్ల రెండింటి బలహీన స్వరమూ ఒకే చోట పడి, 2400 హెర్ట్జ్ దగ్గర హారన్‌కు ఇంకో తలుపు తెరుచుకుంటుంది. అదే మొత్తం మందానికి ఒక్క 10.76 లామినేటెడ్ అద్దం, ఏ గాలి ఖాళీ లేకుండానే, ఈ డీజీయూ కన్నా 4, 5 డెసిబెల్స్ ఎక్కువ ఆపుతుంది. మధ్యలో ఆర్గాన్ వాయువు నింపుతామని అంటే అది వేడికి పనికివస్తుంది, శబ్దానికి లెక్కలోకి తీసుకోవలసినంత తేడా ఉండదు.

ఆ గాలి పొరనే వెడల్పు చేస్తే కథ మారుతుంది. ముందు 6 ఎంఎం, వెనుక 10.76 ఎంఎం పెట్టి మధ్య 100 ఎంఎం వదిలితే ఆ ఊగే స్వరం సుమారు 60 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. 150 ఎంఎం వదిలితే 50కి. అంటే మాట, హారన్ ఆ స్వరానికి చాలా పైన, ఇంజను రొదలో ఎక్కువ భాగం కూడా దానికి పైన ఉండి, రెండు అద్దాలూ విడివిడిగా తమ పని చేయగలుగుతాయి. మందాలు వేరు కావడం వల్ల ఒకదాని గుంటను రెండోది పూడుస్తుంది. అంచులు సరిగ్గా మూస్తే ఇటువంటి కిటికీ 40 నుంచి 45 డెసిబెల్స్ ఆపుతుంది. మీ బయటి గోడ 9 అంగుళాల ఇటుక గోడ అయితే దాని మందం దాదాపు 230 ఎంఎం. అందులో రెండు ఫ్రేములూ, మధ్య ఖాళీ హాయిగా పడతాయి. గదిలో ఒక్క అంగుళం స్థలం కూడా పోదు. గాలి ఖాళీ ఉచితంగా దొరికే సరుకు, ఉన్నంతా వాడుకోండి.

అంచుల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక లెక్క చూడండి. 4×4 అడుగుల కిటికీ చుట్టుకొలత 16 అడుగులు. ఆ చుట్టూ కేవలం 1 ఎంఎం సందు మిగిలిందనుకుందాం. ఆ సందు మొత్తం కిటికీ విస్తీర్ణంలో ఒక శాతంలో మూడో వంతు కూడా సరిగా ఉండదు. అయినా లెక్క ప్రకారం ఆ కిటికీ సుమారు 25 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. మధ్యలో ఉన్నది 6 ఎంఎం అద్దమైనా, 25 ఎంఎం అద్దమైనా ఫలితం దాదాపు అదే. స్లైడింగ్ కిటికీలో తలుపులు జరగడానికి చుట్టూ నూలు బ్రష్షు లాంటి పట్టీ పెడతారు. అది దుమ్మును ఆపుతుంది, శబ్దాన్ని ఆపదు. రెండు తలుపులు ఒకదానిమీద ఒకటి కలిసే చోట, కింద నీరు పోయే రంధ్రాల దగ్గర ఇంకా వదులు. నేను స్లైడింగ్ వద్దనడానికి కారణం ఇదొక్కటే.

ఇక్కడ నేను కళ్లారా చూసిన పని చెప్పాలి. యూసఫ్‌గూడ వైపు ఒకరు మూడు అద్దాల కిటికీ వేయించుకుని, అయినా బయట ఆటో శబ్దం మైకులో పడుతోందని నన్ను పిలిచారు. మంచి అద్దం, ఖరీదైన అద్దం. రాత్రి గదిలో దీపాలార్పి, బయట ఒక మనిషిని నిలబెట్టి ఫ్రేము చుట్టూ టార్చి వేయిస్తే, ఫ్రేముకూ గోడకూ మధ్య మూడు చోట్ల వెలుగు కనబడింది. బిగించినవారు ఆ సందులో నురుగు కొట్టి, పైన ప్లాస్టిక్ పట్టీ అంటించి వెళ్లిపోయారు. ఆ నురుగు తేలిక సరుకు. శబ్దాన్ని ఆపడానికి దాన్ని నమ్ముకోలేం. నురుగు తీయించి, ఆ సందులో సిమెంటు మాలు కూరించి, రెండు వైపులా సిలికాన్ పట్టించాం. అద్దం ముట్టుకోలేదు. ఆటో పోయింది. ఇంజను రొద మాత్రం కొంత మిగిలింది. దానికి ఆ మూడు అద్దాల అమరికే కారణం. ఒకే మొత్తం మందాన్నీ, ఒకే మొత్తం ఖాళీనీ మూడు అద్దాలుగా పంచితే రెండు చిన్న గాలి పొరలు ఏర్పడి, ఊగే స్వరం పైకి పోతుంది; కింది స్వరాలలో రెండు అద్దాల కిటికీ కన్నా అది వెనకబడుతుంది. మూడో అద్దానికి పెట్టే డబ్బును మిగిలిన రెండింటి మందంలో కలపడం మేలు.

గోడతో కలిపి చూడకుండా కిటికీ గురించి మాట్లాడటం కూడా సరికాదు. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది. మీ వీధి గోడ 100 చదరపు అడుగులు, అందులో కిటికీ 16 అడుగులు. కిటికీ పాత స్లైడింగ్‌ది, 24 డెసిబెల్స్ ఆపుతుందనుకుంటే గోడా కిటికీ కలిసి ఆపేది 32 మాత్రమే. కిటికీని 30కి తెస్తే మొత్తం 38. కిటికీ 44 ఆపగలిగితే మొత్తం 48. అక్కడి నుంచి కిటికీని 60కి తీసుకెళ్లినా, గోడే 50 దగ్గర ఆగిపోతుంది కాబట్టి మీకు కలిసివచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి గోడకు దగ్గరగా వచ్చేంత కిటికీ చాలు. అంతకు మించి ఖర్చు దండగ. బయట వీధిలో 70, 75 డెసిబెల్స్ ఉంటే, ఈ 48తో గది 30 లోపలికి వస్తుంది. వాయిస్ ఓవర్ పనికి అది చక్కగా సరిపోతుంది.

అసలు వీధి కిటికీ మీకు అవసరమా అని కూడా ఆలోచించండి. అపార్టుమెంటు అసోసియేషన్ ఒప్పుకుంటే, బయటి కిటికీని అలాగే ఉంచి లోపలి వైపు ఇటుక కట్టించి ప్లాస్టరింగ్ చేయించడమే అన్నిటికన్నా చవకైన, గట్టి పద్ధతి. అద్దె ఇల్లయితే అది కుదరకపోవచ్చు. పైగా రోజుకు పది గంటలు ఆ గదిలో కూర్చునే మనిషికి కొంచెం పగటి వెలుగు ఉండటం చిన్న విషయమేమీ కాదు. అందుకే ఇటుక కట్టమని నేను పట్టుబట్టను.

బూత్ మధ్య అద్దానికి వస్తే, అక్కడ నియమాలు అవే గాని ఒక అదనపు జాగ్రత్త ఉంది. మీ మధ్య గోడ 4.5 అంగుళాలదే అయితే అది సుమారు 45 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. దాని మీద బూత్ వైపు విడిగా ఫ్రేము కట్టి, రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి సరుకు) నింపి, రెండు పొరల జిప్సం బోర్డుతో రెండో గోడ వేస్తేనే నేను చెప్పిన 12.76, 8.76 జోడీకి అర్థం ఉంటుంది. అప్పుడు రెండు అద్దాల ఫ్రేములు ఒకదానినొకటి తాకకూడదు. ఇటుక గోడ ఫ్రేము ఇటుక గోడకే, బోర్డు గోడ ఫ్రేము బోర్డు గోడకే. మధురానగర్‌లో ఒక గదికి కార్పెంటరు రెండు గోడలనూ కలుపుతూ ఒకే టేకు పెట్టె చేసి, అందులో రెండు అద్దాలూ బిగించాడు. చూడటానికి ఎంతో అందంగా ఉంది. కంట్రోల్ రూములో స్పీకర్ పెట్టగానే ఆ టేకు చెక్క గుండా కింది స్వరాలన్నీ బూత్ గోడకు చేరేవి. చెక్క మధ్యలో చుట్టూ రంపంతో కోసి, ఒక అంగుళం వెడల్పున తీసేసి, ఆ సందును నల్లటి గుడ్డతో కప్పించాను. అందమైన పని పాడుచేస్తున్నందుకు ఆ కార్పెంటరు చాలా బాధపడ్డాడు. నాకూ బాధగానే ఉంది. ముందే చెప్పి ఉంటే ఇద్దరికీ ఆ బాధ ఉండేది కాదు.

ఆ రెండు అద్దాల మధ్య ఖాళీలో నాలుగు వైపుల అంచులకూ 25 లేదా 50 ఎంఎం రాక్‌వూల్ పట్టీని నల్లటి గుడ్డలో చుట్టి అమర్చండి. ఖాళీలో అటూ ఇటూ కొట్టుకునే శబ్దాన్ని అది తాగేస్తుంది. వీధి కిటికీకి కూడా ఇదే చేయవచ్చు. ఖర్చు చాలా తక్కువ, ఫలితం తెలుస్తుంది.

అద్దాన్ని ఏటవాలుగా పెట్టాలా అని మీరు అడగలేదు గాని, ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు కనుక రాస్తున్నాను. ఏటవాలు వల్ల అవతలికి పోయే శబ్దం తగ్గదు. దాని ఉపయోగం రెండే: దీపాల ప్రతిబింబం కంటికి తగలకుండా ఉండటం, గొంతు అద్దానికి తగిలి నేరుగా మైకులోకి తిరిగి రాకుండా ఉండటం. 3 అడుగుల ఎత్తున్న అద్దాన్ని 6 డిగ్రీలు వంచితే ఒక అంచు దాదాపు 95 ఎంఎం కదులుతుంది. మీకు ఉన్న ఖాళీయే 150 ఎంఎం అయితే అందులో సగానికి పైగా ఒక వైపు పోతుంది. కాబట్టి గోడలు విడివిడిగా, ఖాళీ ధారాళంగా ఉన్నప్పుడే వంచండి. అప్పుడు బూత్ వైపు అద్దం పై అంచు బూత్‌లోకి వంగేలా పెడితే గొంతు కింద కార్పెట్ మీదకు మళ్లుతుంది. ఖాళీ లేకపోతే నిటారుగానే పెట్టి, మైకును అద్దానికి ఎదురుగా కాక పక్కకు తిప్పుకోండి.

ఆ 4×3 కొలతను కూడా తగ్గించమని నా సలహా. కూర్చున్న ఇంజనీరు కన్ను, నిలబడ్డ ఆర్టిస్టు ముఖం కలవడానికి రెండున్నర అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు చాలు. ఈ మధ్య కొందరు అద్దమే మానేసి కెమెరా, తెర పెట్టుకుంటున్నారు. శబ్దం వరకు చూస్తే అదే ఉత్తమం. కానీ బూత్‌లో ఒంటరిగా నిలబడి ఏడుపు సన్నివేశాన్ని పదోసారి చెబుతున్న ఆర్టిస్టుకు అవతల ఒక మనిషి తల ఊపడం కనబడాలి. అది తెరమీద రాదని నా అనుభవం. చిన్నదైనా అద్దం ఉండనివ్వండి.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు అద్దం ఎంపికలో జరిగే వాటికన్నా ఎక్కువ. నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టిన కొత్తలో లామినేటెడ్ అద్దానికి చౌకగా దొరికే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడాను. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి అద్దం అంచు చుట్టూ తెల్లటి మబ్బు పట్టి, పొర విడిపోవడం మొదలైంది. ఆ సిలికాన్ ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం పీవీబీకి పడదు. నా ఖర్చుతోనే ఆ అద్దం మార్చి ఇచ్చాను. లామినేటెడ్ అద్దానికి న్యూట్రల్ సిలికాన్ మాత్రమే వాడాలి. డబ్బా మీద ఆ మాట ఉంటుంది. మేస్త్రీ తెచ్చిన డబ్బాను మీరే చేతిలోకి తీసుకుని చూడండి.

అద్దం కింద అంచు నేరుగా చెక్క మీదగాని, యూపీవీసీ మీదగాని ఆనకూడదు. రెండు చోట్ల గట్టి రబ్బరు దిమ్మలు పెట్టి వాటి మీద నిలపాలి. చుట్టూ 4, 5 ఎంఎం సందు వదిలి, రెండు వైపులా ఈపీడీఎం రబ్బరు పట్టీ మధ్య అద్దాన్ని పట్టి ఉంచి, ఆ పైన బీడింగ్ కొట్టాలి. అద్దం ఎక్కడ ఫ్రేమును నేరుగా తాకితే అక్కడి నుంచి కంపనం గోడకు ఎక్కుతుంది. బరువు కూడా గుర్తుంచుకోండి: 4×4 అడుగుల 10.76 అద్దం 38 కిలోలు తూగుతుంది, ఫ్రేము దానికి తగినంత గట్టిగా ఉండాలి. రెండో అంతస్తుకు మెట్ల మీద మోయడానికి కనీసం ఇద్దరు మనుషులు, అద్దం పట్టే రబ్బరు కప్పులు కావాలి.

తేమ గురించి విజయవాడ నేర్పింది. ఆగస్టులో, బాగా ఉక్కగా ఉన్న రోజున ఒక బూత్ అద్దాలు రెండూ మూసి సీలు చేశాం. వారం తిరగకుండానే ఏసీ గది వైపు అద్దానికి లోపలి ముఖం మీద నీటి ఆవిరి పట్టింది. మధ్యలో బంధించిన గాలిలోని తేమే అది. చల్లని అద్దం తగలగానే నీరైంది. బీడింగ్ విప్పి, తుడిచి, సిలికా జెల్ సంచులు కింద అంచు వెంట రాక్‌వూల్ వెనుక దాచి మళ్లీ మూయవలసి వచ్చింది. హైదరాబాదులో తేమ అంత ఉండదు గాని, మీరు కూడా వాన లేని రోజు చూసి, ఏసీ రెండు గంటలు నడిపిన తరువాత, సిలికా జెల్ పెట్టి మూయించండి. మూసే ముందు లోపలి ముఖాలను చేతి తొడుగులతో తుడవాలి. అక్కడ మిగిలిన వేలిముద్రను మళ్లీ విప్పితే తప్ప తుడవలేం. అందుకే బూత్ వైపు బీడింగ్‌ను మేకులతో కాక స్క్రూలతో బిగించడం మంచిది.

షాపులో చూపించే అంకెలను ఎలా చదవాలో కూడా చెబుతాను. అద్దం ఎంత శబ్దాన్ని ఆపుతుందో ఒకే అంకెలో చెప్పేవి ఎస్‌టీసీ, ఆర్‌డబ్ల్యూ. ఎస్‌టీసీ అన్న అంకె 125 నుంచి 4000 హెర్ట్జ్ వరకు, ఆర్‌డబ్ల్యూ అన్నది 100 నుంచి 3150 వరకు చూసి ఇచ్చేది. అంతకన్నా కింద జరిగేది ఆ అంకెలో కనబడదు. రెండు అద్దాలకు ఒకే ఆర్‌డబ్ల్యూ ఉన్నా లారీ ముందు రెండూ వేరుగా ప్రవర్తించవచ్చు. కాగితంలో ఆర్‌డబ్ల్యూ పక్కన సీటీఆర్ అని మైనస్ గుర్తుతో ఇంకో అంకె ఉంటుంది; వాహనాల రొదకు ఆ రెండూ కలిపితే వచ్చేదే మీకు పనికివచ్చే అంకె. పైగా ఆ పరీక్షలు ప్రయోగశాలలో, సందులేమీ లేని ఫ్రేములో చేసినవి. మీ గోడలో అంతకన్నా కొన్ని డెసిబెల్స్ తక్కువే వస్తుంది.

రెండు హెచ్చరికలు. మొదటిది గాలి. కిటికీని ఇంత గట్టిగా మూసిన గదిలో స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది. కొత్త గాలి తేదు. గంట గడిచేసరికి ఆర్టిస్టుకు తలనొప్పి, గొంతులో బరువు మొదలవుతాయి. లోపల రాక్‌వూల్ పరిచి రెండు మూడు మలుపులు తిప్పిన చెక్క డక్టు ఒకటి, నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఒకటి తప్పనిసరిగా ఏర్పాటు చేయండి. రెండోది, వినాయక నిమజ్జనం ఊరేగింపులో మీ ఇంటి ముందు డీజే ఆగినప్పుడు ఆ 50, 60 హెర్ట్జ్ దెబ్బను ఈ కిటికీ ఆపలేదు. అది గోడ గుండా, స్లాబు గుండా కూడా వస్తుంది. దానిని ఆపాలంటే గది లోపల ఇంకో గదిని రబ్బరు మీద తేల్చి కట్టాలి. మీ ఫ్లాటు బరువుకూ, మీ బడ్జెట్‌కూ అది తగదు. ఆ రోజులకు రికార్డింగ్ పెట్టుకోకుండా ఎడిటింగ్ పని మిగుల్చుకోండి. తలుపు, ఏసీ పైపు రంధ్రం కూడా కిటికీ స్థాయికి రాకపోతే ఇదంతా వృథా అవుతుంది. అయితే వాటి సంగతి వేరే ప్రశ్నగా అడిగితే విడిగా రాస్తాను.

షాపుకు వెళ్లినప్పుడు "సౌండ్ ప్రూఫ్" అన్న మాట వాడకుండా, నాలుగు విషయాలు కాగితం మీద రాసి ఇవ్వండి: 10.76 లామినేటెడ్, అంటే 5 + 0.76 పీవీబీ + 5; 12.76, అంటే 6 + 0.76 + 6; 8.76, అంటే 4 + 0.76 + 4; అంచులన్నీ పాలిష్ చేసి ఇవ్వాలి. ఫ్రేములు గోడలో బిగించి, ప్లాస్టరింగ్ ఆరిన తరువాతే అద్దం కొలత ఇవ్వండి. ఎత్తు, వెడల్పు మూడేసి చోట్ల కొలిచి, అన్నిటికన్నా చిన్న కొలతలోంచి సందు తీసివేయండి. లామినేటెడ్ అద్దం సైటులో కోయడం కష్టం, టఫెన్డ్ పొరలతో చేసినదైతే అసలు కోయలేరు.

బిగించిన తరువాత సిలికాన్ రోజుకు రెండు మూడు ఎంఎం లోతు చొప్పున ఆరుతుంది కనుక వారం రోజులు ముట్టుకోకండి. తరువాత ఒక రాత్రి టార్చితో చూడండి. పగలైతే ఏసీ, ఫ్యాను ఆపి, అగరొత్తి వెలిగించి ఫ్రేము అంచు వెంట నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ పొగ వణుకుతుందో అక్కడ సందు ఉంది. ఆ చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, సిలికాన్ మళ్లీ పట్టించి, అదంతా అయ్యాకనే చివరి పట్టీలు కొట్టించి రంగు వేయించండి.